తుపాకీలో కొబ్బరి నూనె

మా ఆయన తుపాకీ తయారుచేసుకుంటానన్నప్పుడు నేను ఒక్కటే అడిగాను. "ఇంట్లో ఏడేళ్ల పిల్ల ఉంది. మీరు తప్ప ఇంకెవరూ తెరవలేని చోట ఉంటుందా అది?" ఉంటుందని ప్రమాణం చేసినంత పని చేశారు. అన్నట్టే నంబర్ తాళం ఉన్న ఇనుప బీరువా ఒకటి, తూటాలకు అలాంటిదే ఇంకో చిన్న పెట్టె కొన్నారు. నంబర్లు నాకు కూడా చెప్పలేదు. చెప్పొద్దని నేనే అన్నాను. ఆ ఒక్క మాట మీద ఈ చలిదేశపు ఊరు గ్వెల్ఫ్‌లో మా ఇంటి మేడ మీద, ఆ బీరువాలోకి తుపాకీ వచ్చింది.

ఆఫీసులో వాళ్లతో కుందేళ్ల వేటకు వెళ్లాలని ఆయన సరదా. లైసెన్సుకు క్లాసులకు వెళ్లారు, పరీక్ష రాశారు, భాగాలు తెప్పించి తనే కూర్చుని బిగించుకున్నారు. సెమీ ఆటోమేటిక్ రైఫిల్. ఒక తూటా పేలగానే దాని ఖాళీ గొట్టాన్ని తనే బయటికి విసిరేసి, తర్వాతి తూటాను తనే లోపలికి తీసుకునే రకం. వేసవి చివర్లో షూటింగ్ రేంజికి తీసుకెళ్లి కాలిస్తే ఎక్కడా ఆగలేదట. ఆ రోజంతా ఆయన గొప్పలు వినలేక చచ్చాను.

నవంబరులో మళ్లీ తీసుకెళితే మొరాయించింది. ఖాళీ గొట్టం సగం బయటికి వచ్చి ఇరుక్కుపోతోంది. ఇంటికి తెచ్చి, తూటాను లోపలికి నెట్టి మూసే బోల్ట్‌ని చేత్తో వెనక్కీ ముందుకీ లాగి చూస్తే హాయిగా జారుతోంది. మా అత్తయ్య అప్పటికి రెండు నెలలుగా మా దగ్గరే ఉన్నారు. ఆవిడ చలికి తట్టుకోలేరని హీటర్ బాగా పెంచి పెట్టేవాళ్లం. మేడ మీద గదులు మే నెల విజయవాడలా ఉండేవి. మా ఆయన మాత్రం తూటాలు మంచివి కావని తిట్టుకుని వేరే కంపెనీవి కొన్నారు, తూటాలు పెట్టే మ్యాగజీన్ కూడా మార్చారు. "ఈసారి నువ్వూ రా, చూద్దువుగాని" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు కూరగాయలు కొనుక్కోవచ్చని వెళ్లాను.

ఆ రోజు పొద్దుట్నుంచీ చలి కొరికేస్తోంది. మొదటి తూటా పేలింది, గొట్టం ఇరుక్కుంది. తీసేశారు. మళ్లీ అంతే. "కొత్త మ్యాగజీన్ పెట్టినా ఇదేం తంటా" అని విసుక్కుంటూ బోల్ట్‌ని వెనక్కి లాగి వదిలారు. వదలగానే పేలింది. నేను పక్కనే ఉండి చూశాను, ఆయన వేలు ట్రిగ్గర్ మీద లేదు. తుపాకీ మూతి ఎదురుగా ఉన్న మట్టికట్ట వైపు తిరిగి ఉంది కాబట్టి సరిపోయింది.

రేంజిని చూసుకునే పెద్దాయన అందర్నీ కాల్పులు ఆపమని కేకేసి మా దగ్గరికి వచ్చారు. తుపాకీ ఖాళీ చేసి బోల్ట్ బయటికి తీశారు. లోపల తూటాను కొట్టే పిన్ను ఉండే సందులోంచి తెల్లటి మైనం లాంటిది గీకి మాకు చూపించారు. ఈ చలికి ఇది గడ్డకట్టి బోల్ట్‌ని పూర్తిగా వెనక్కి రానివ్వడం లేదని, ఇప్పుడు పిన్ను కూడా ముందుకొచ్చి అక్కడే అతుక్కుపోయిందని, అందుకే బోల్ట్ మూసుకోగానే తూటా పేలిందని ఇంగ్లిష్‌లో నెమ్మదిగా చెప్పారు. "ఇందులో ఏం నూనె వేశావు?" అని అడిగారు.

"గన్ ఆయిలే" అన్నారు మా ఆయన.

ఆ తెల్లటి దాన్ని కొంచెం వేలి మీదికి తీసుకున్నాను. వేలి వెచ్చదనానికి కరిగింది. వాసన చూశాను. కొబ్బరి నూనె. పోయిన చలికాలమంతా సీసాను వేడినీళ్లలో పెట్టి తలకు రాసుకునేదాన్ని, నాకు తెలియదా ఆ వాసన?

కూరగాయల ఊసే లేదు. కారు నేరుగా ఇంటి వైపు తిప్పారు.

"నేను వెయ్యలేదు. నిజంగా వెయ్యలేదు" అన్నారు మా ఆయన.

"మీరూ వెయ్యలేదు, నేనూ వెయ్యలేదు. మరి ఆ బీరువా తెరిచిందెవరండీ?"

ఆయన స్పీడు పెంచారు.

ఇంటికి వెళ్లేసరికి అత్తయ్య హాల్లో చిక్కుడుకాయలు వలుస్తున్నారు. విషయం అడిగితే ఆవిడ దాచలేదు. "దసరాకి ఆయుధ పూజ చేశానురా. కారుకు చేశాను, మిక్సీకి చేశాను, నీ కంప్యూటర్‌కి చేశాను. ఇంట్లో అసలైన ఆయుధాన్ని వదిలేస్తానా? నువ్వేమో దానికి పూజ వద్దంటివి. ఇనుప వస్తువు, తుప్పు పట్టకుండా నాలుగు చుక్కలు నూనె పోసి, బొట్టు పెట్టి తుడిచేశాను. అంత మాత్రానికి ఆ మొహాలేంటి?"

"అమ్మా, నీకు నంబర్ ఎలా తెలిసింది?"

"నాకెక్కడ తెలుసు? బంగారుతల్లి తీసిచ్చింది."

పాప సోఫాలో బొమ్మలు వేసుకుంటోంది. మా ఆయన కోప్పడతారేమోనని నేనే దగ్గరికి వెళ్లి, ఎలా తీశావో చూపించమ్మా అన్నాను. నవ్వుకుంటూ మేడ మీదికి పరుగెత్తింది. వెనకాలే మేమిద్దరం వెళ్లాం. స్టూలు లాక్కుని ఎక్కి తాళం మీద చెయ్యి వేసింది.

తాళం తిప్పేటప్పుడు నంబర్లు పైకి గొణుక్కోవడం మా ఆయనకు అలవాటు. తెలుగులోనే గొణుక్కుంటారు. పాపకు తెలియకూడని మాట ఏదైనా ఈ ఇంట్లో మేం తెలుగులోనే అనుకుంటాం, డబ్బు సంగతైనా, నా మీద విసుగైనా. అన్నం తింటావా అని అడిగినా అది ఇంగ్లిష్‌లోనే జవాబిస్తుంది. దానికి తెలుగు రాదని మా ఇద్దరి ధీమా.

"ఏడు, రెండు, తొమ్మిది, రెండు" అని గొణిగింది మా పాప, అచ్చం వాళ్ల నాన్న గొంతు పెట్టి. తలుపు తెరుచుకుంది.

మా ఆయన గోడకు ఆనుకుని నిలబడిపోయారు. ఇద్దరం అలాగే చూస్తూ ఉండేసరికి, మాకు ఇంకా ఏదో కావాలనుకున్నట్టుంది పాప. స్టూలు దిగి, దాన్ని పక్కకు జరుపుకుని, తూటాల పెట్టె మీద చెయ్యి వేసింది.

"దిస్ వన్ టూ, డాడీ?"