సూదక్క మెత్తని టైర్లు

సూదక్కకి వినికిడి పోయింది ముప్పై ఏళ్ళు దాటాక. ఏదో జ్వరం వచ్చి, ఆమెని మంచాన పడేసి, పోతూ పోతూ చెవులని కూడా మూటగట్టుకుపోయింది. కుడి చెవి పూర్తిగా మూసుకుపోయింది. ఎడమ చెవికి లారీ పక్కనుంచి వెళితే ఏదో కదిలినట్టు ఉండేది, అంతే. ఇంట్లో అత్తగారి గొంతు ఒక్కటే అప్పుడప్పుడూ అందేది. "అన్నీ పోయి ఈవిడ మాత్రం మిగిలింది నా చెవికి" అని సూదక్క నలుగురిలో అంటే అందరికన్నా ముందు అత్తగారే నవ్వేది.

కార్ల సీట్లకి కవర్లు కుట్టడం సూదక్క పని. చేతిలో సూది ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరు, సూది ఉన్నది నాలుక మీదని ఇంకొందరు అనేవాళ్ళు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టేది. గుబురు మీసాల వాళ్ళు వస్తే మాత్రం, "మీసం కాస్త పక్కకి దువ్వుకో బాబూ, మాటలు అందులో చిక్కుకుపోతున్నాయి" అనేది.

ఆమెని పందేల్లోకి దింపింది ఒక సీటే. పెయింట్ల కొట్టు ఆయన ఊళ్ళో ఆటోక్రాస్ క్లబ్బుకి కార్యదర్శి. పాత గిడ్డంగుల వెనకున్న ఖాళీ కాంక్రీటు మైదానంలో ప్లాస్టిక్ కోన్లు వరసగా పేర్చి, వాటి మధ్య మెలికల దారిలో ఒక్కొక్క కారునే వదిలి, ఎవరు ఎంత తొందరగా వచ్చారో గడియారంతో కొలిచే ఆట అది. కోను పడితే శిక్షగా సమయం కలుపుతారు. ఆయన తన పందెం కారుకి ఒంటికి పట్టేసే సీటు కుట్టించుకున్నాడు. బిగువు సరిచూద్దామని సూదక్క ఒక ఆదివారం మైదానానికి వెళ్ళింది. ఆయన సరదాకి, "ఎక్కక్కా, ఒక చుట్టు తిప్పుతాను" అన్నాడు.

ఆ ఒక్క చుట్టులో ఆమె లోకం మారిపోయింది. కారు మలుపు తిరుగుతుంటే నేల నడుము దగ్గరికి, తొడల దగ్గరికి వచ్చి మాట్లాడినట్టయింది. కుట్టు మిషను మీద దారం తెగబోయే ముందు వేలికి ఒక బిగువు తెలుస్తుంది. సరిగ్గా అలాంటి బిగువే. చెవులు పోయాక తనతో ఎవరూ అంత స్పష్టంగా మాట్లాడలేదనిపించింది ఆమెకి. కారు దిగకుండానే, "ఇంకోసారి తిప్పండి" అంది. ఆయన నవ్వి, ఒకసారి చాలన్నాడు.

చాల్లేదు. ఏడాది తిరక్కుండానే ఒక పక్క నొక్కుకుపోయిన పాత ఎర్ర కారు ఒకటి ఇంటి ముందుకొచ్చింది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. "మనిషిని పైకీ కిందకీ తీసుకెళ్ళడమే నాకొచ్చు, పక్కలకి తిప్పడం రాదు" అని గొణుగుతూనే ఇంజను విప్పి మళ్ళీ బిగించాడు. సీటు మాత్రం సూదక్క తనే కుట్టుకుంది, నడుముకి ఒరలా.

మొదటి ఏడాది మామూలు రోడ్డు టైర్లతోనే పందేలకి వెళ్ళింది. ప్రతిసారీ అట్టడుగున తేలింది. మలుపులో ఆ టైర్ల పక్కలు మెత్తగా మడతపడేవి. కారు ఎప్పుడు జారడం మొదలుపెట్టిందో, ఎప్పుడు ఆపిందో తెలిసేది కాదు. నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడేవాడి పెదాలు చదివినట్టు ఉండేది. మరి ఇవే టైర్లతో తక్కినవాళ్ళు ఎలా తోలుతున్నారని చూస్తే అప్పుడర్థమైంది. వాళ్ళు వింటున్నారు. టైరు జారే ముందు కీచుమని ఏడుస్తుంది; ఆ ఏడుపుని బట్టి వాళ్ళు స్టీరింగు తగ్గిస్తున్నారు.

అంటే తనకి కావలసింది ఏడ్చే టైరు కాదు. ఒంటికి సూటిగా చెప్పే టైరు.

టైర్ల కొట్టుకి వెళ్ళి పందెం టైర్లు చూపించమంది. కొట్టు యజమాని చాలా మంచివాడు, అందుకే ఇంకా కష్టమయింది. ముందు ఒక గట్టి టైరు దొర్లించుకొచ్చాడు.

"ఇవి తీసుకోండక్కా. కొత్తవాళ్ళందరికీ ఇవే ఇస్తాను. పట్టు తప్పే ముందు బాగా అరుస్తాయి, మనకి తెలిసి..." అంటూ ఆగిపోయాడు. మొహం ఎర్రబడింది.

"పరవాలేదు అన్నా, చెప్పు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదా ఈ టైరు నాకు?" అంది సూదక్క. "ఆ మూలవి చూపించు."

మూలనున్నవి అసలైన పందెం టైర్లు. రబ్బరు మెత్తన, పక్కలు బిర్రు. సూదక్క గోరుతో నొక్కితే గాటు పడింది. పక్కని అరచేత్తో గుద్దితే చెయ్యే నొప్పెట్టింది. బట్ట నాణ్యం చూసినట్టు నాలుగూ తడిమి చూసింది.

"వద్దక్కా," అన్నాడు యజమాని ఆమెకి ఎదురుగా వచ్చి, పెదాలు కనబడేలా. "ఇవి మూగవి. కిక్కురుమనవు. పట్టుకున్నంతసేపు పట్టుకుని, ఒక్కసారిగా వదిలేస్తాయి. చెవులున్నవాళ్ళకే వీటితో బెంగ."

"మూగవాటి భాష నాకు కాక ఎవరికి తెలుస్తుందన్నా? నాలుగూ బిగించెయ్యి."

ఆ సంగతి సాయంత్రానికల్లా కార్యదర్శికి చేరింది. మర్నాడు కుట్టు షెడ్డుకి వచ్చి, మిషను ముందున్న స్టూలు మీద కూర్చున్నాడు.

"అక్కా, మీ మంచికే చెబుతున్నాను. ఆ టైర్లు మీకు ప్రమాదం. రోడ్డు టైర్లతోనే రండి. మీకోసం ప్రదర్శన విభాగం అని ఒకటి పెడతాను. గడియారం లేదు, పోటీ లేదు. హాయిగా తోలండి, అందరూ చప్పట్లు కొడతారు."

"ఆ చప్పట్లు నేనేం చేసుకోను, వినపడవుగా?"

ఆయన నొచ్చుకున్నాడు. "అది కాదక్కా. ఏదైనా అయితే?"

"ఏదైనా అయితే ఎర్ర జెండా ఊపుతారు. జెండా చెవులతో చూస్తారా, కళ్ళతో చూస్తారా? సరే, వినపడనివాళ్ళు ఈ టైర్లు వెయ్యకూడదని మీ క్లబ్బులో నియమం ఉందా?"

"నియమం అంటే... లేదనుకోండి."

"లేదనుకోవడమేమిటి, లేదు. ఆదివారం వస్తున్నాను. మీరున్న విభాగంలోనే."

ఆయన వెళ్ళాక సూదక్క చాలాసేపు మిషను తొక్కలేదు. కోపం ఒక్కటే కాదది, భయం కూడా కాస్త ఉంది. ఆయన చెప్పింది మొత్తం అబద్ధం కాదని ఆమెకి తెలుసు.

ఆదివారం పొద్దున మబ్బు పట్టి, నేల చల్లగా ఉంది. ఒక్కొక్కరికీ మూడు పరుగులు, వాటిలో మంచిదే లెక్క. మొదటి పరుగులో మొదటి మలుపు బాగానే దాటింది. రెండో మలుపుకి స్టీరింగు తిప్పితే కారు తిరగలేదు. తిన్నగా పోయి మూడు కోన్లని గుద్ది, వెనక భాగం గిర్రున తిరిగి, వచ్చిన దారికేసి మొహం పెట్టి ఆగింది. అద్దంలోంచి చూస్తే గట్టు మీద జనం పెదాలన్నీ ఒకేసారి కదులుతున్నాయి. చదవక్కర్లేదు, తెలుస్తూనే ఉంది.

కారు పక్కకి తెచ్చి ఆపేసరికి కార్యదర్శి అక్కడే ఉన్నాడు. "చెప్పానా లేదా?" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు, అదే పెద్దమనిషితనం.

అంతలో భర్త వచ్చి భుజం తట్టాడు. పక్కింటి వాళ్ళ వ్యాను తలుపు తీసి చూపించాడు. లోపల రోడ్డు టైర్లున్న పాత చక్రాలు నాలుగూ ఉన్నాయి. తనకి చెప్పకుండా వేసుకొచ్చాడు.

"పది నిమిషాల్లో మార్చేస్తాను," అన్నాడు. "పంతానికి పోకు."

కారు గిర్రున తిరిగినప్పుడు కూడా సూదక్కకి అంత బాధ కలగలేదు. "నేను ఓడిపోతానని ముందే వేసుకొచ్చావన్నమాట!"

"నువ్వు దెబ్బలు తగిలించుకోకూడదని వేసుకొచ్చాను."

ఆ మాట అబద్ధం కాదని అతని మొహమే చెప్పింది. ఆమె గొంతు తగ్గించింది, అంటే తగ్గిందని అనుకుంది. నాలుగు కార్ల అవతలున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు.

"చూడు. తప్పు టైర్లది కాదు, నాది. పాతవాటి మీద తిప్పినట్టే తిప్పాను. అవి చల్లగా ఉన్నాయి, ఇంకా నిద్ర లేవలేదు. నేను లేపకుండానే పరిగెత్తమన్నాను. వ్యాను తలుపు మూసెయ్యి. మూసి, వచ్చి సాయం చెయ్యి."

అతను తలుపు మూసి వచ్చాడు.

సూదక్క జేబులోంచి బట్టల మీద గీసే సుద్ద తీసి, టైరు అడుగుభాగం పక్కతో కలిసే అంచు మీద నాలుగు గీతలు గీసింది. మలుపులో టైరు ఎంతవరకూ ఒరిగి నేలని తాకుతుందో అంతవరకూ సుద్ద చెరిగిపోతుంది. రెండో పరుగు జాగ్రత్తగా, కానీ టైర్లు వేడెక్కేలా తోలింది. ఒక కోను పడింది. వచ్చి చూస్తే గీతలు దాదాపు చెక్కుచెదరలేదు. గాలి ఎక్కువై టైరు మధ్యభాగం మీదే నడుస్తోంది. భర్త మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె వేలు ఎత్తేదాకా ఒక్కొక్క చక్రంలో గాలి వదిలాడు. ఈలోగా మబ్బు విడిచి కాంక్రీటు వెచ్చబడింది. ఆమె వంగి టైరుకి అరచెయ్యి ఆనించింది. గోరువెచ్చగా, జిగటగా ఉంది.

మూడో పరుగే ఆఖరిది.

మొదటి మలుపులో ఆ బిగువు నడుముకి అందింది. ఇంకాస్త తిప్పింది, ఇంకాస్త బిగిసింది. కోన్ల మధ్య మెలికల్లో కారు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి కుట్టుకుంటూ పోయింది. మొదటి పరుగులో కారుని గిర్రున తిప్పేసిన రెండో మలుపు వచ్చింది. బ్రేకు ముందే తొక్కి, వదిలి, తిప్పింది. దారం తెగబోయే ముందరి బిగువు తొడ కింద తెలిసింది. అక్కడే ఉంచింది. ఒక్క వెంట్రుకవాసి కూడా ఎక్కువ అడగలేదు, తక్కువా తీసుకోలేదు. ఆఖరి గీత దాటి కారు ఆపాక తెలిసింది, తను గట్టిగా అరుస్తూ తోలిందని. గొంతు మండుతోంది.

కోను ఒక్కటీ పడలేదు. ఆ విభాగంలో ఆమెది నాలుగో స్థానం. ఆమె వెనక, రెప్పపాటు తేడాతో, పెయింట్ల కొట్టు కార్యదర్శి.

బహుమతులు ఇచ్చేటప్పుడు ఆయన మైకులో ఏదో అని, చిన్న కప్పు ఒకటి చేతిలోకి తీసుకుని ఆమె వైపు చూసి నవ్వాడు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. సూదక్క భర్త వైపు తిరిగింది.

"నీకు ప్రత్యేక ప్రోత్సాహక బహుమతట," అన్నాడు అతను, మెల్లగా పెదాలు కదుపుతూ.

సూదక్క లేచి నిలబడింది. "నాలుగో స్థానానికి బహుమతి ఉందా సార్?"

కార్యదర్శి తడబడ్డాడు. "మూడిటికే అక్కా."

"అయితే నాకూ లేదు. ఆ కప్పు పెట్టెలో పెట్టెయ్యండి. ఫలితాల బోర్డు మీద మాత్రం నాలుగో వరసలో నా పేరు రాయండి. దాని కింద మీది."

నవ్వులు లేచాయి. కార్యదర్శి కప్పు బల్ల మీద పెట్టి, తనే బోర్డు దగ్గరికి నడిచి, పెద్ద అక్షరాలతో రాశాడు. ఆమె పేరు కింద తన పేరు రాయడానికి కొంచెం ఎక్కువసేపే పట్టింది.

మైదానం ఖాళీ అవుతుంటే భర్త జాకీ తీసుకొచ్చాడు. ఆ మెత్తని టైర్లు రోడ్డు మీద తోలితే తొందరగా అరిగిపోతాయి, ఇంటికి పాతవాటి మీద వెళదామన్నాడు. సూదక్క డ్రైవరు సీట్లో కూర్చుని బెల్టు పెట్టేసుకుంది.

"అరిగితే అరగనీ. ఇవాళ వీటి మీదే వెళ్తాను," అంది. "నువ్వు వ్యానులో వెనకాల రా."