నాన్న నిద్రపోయిన వేసవి

ఎండలు ముదరగానే, పంజాగుట్టలో నేనుండే అపార్ట్‌మెంట్ కింద వాచ్‌మన్ తన గదిలోని పాత కూలర్‌కి కొత్త గడ్డి పెడతాడు. మొదటిసారి నీళ్లు పడగానే తడిసిన ఆ గడ్డి వాసన మెట్లెక్కి మా అంతస్తు దాకా వస్తుంది. ల్యాప్‌టాప్ ముందు మీటింగ్‌లో కూర్చున్న నాకు కాసేపు అవతలివాళ్లు మాట్లాడేదేదీ చెవికెక్కదు.

నేను పెరిగింది అమీర్‌పేటలో, గోడ కనిపించనంతగా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడే ఒక సందులో. తెనాలి నుంచి వచ్చిన మా నాన్న అక్కడే పాఠాలు చెప్పేవాడు. పాలప్యాకెట్లు రాకముందే మొదటి బ్యాచ్‌కి వెళ్లి, నేను నిద్రపోయాక చివరి బ్యాచ్ ముగించుకుని వచ్చేవాడు. ఇడ్లీ నిలబడే తినేవాడు, అన్నానికి బదులు టీ తాగేవాడు, నిద్ర తగ్గించుకున్నవాడే పైకొస్తాడని పిల్లలకి చెప్పేవాడు. నాకు తెలిసిన నాన్న అంటే తలుపు వెనక కొక్కేనికి వేలాడే చొక్కా, దాని చేతులకంటిన మార్కర్ ఇంకు వాసన.

అమ్మ సోమాజిగూడలో ఆఫీసుకి పోయేది కనక, సెలవుల్లో నన్ను కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు, మేమంతా నానీ అని పిలిచే పెద్దావిడ దగ్గర వదిలేది. రంజాన్‌కి మాకు గిన్నెడు సేమ్యాల షీర్ ఖుర్మా పంపే, ఉగాది పచ్చడి పంపితే బెల్లం ముక్కలు ఏరుకుని తినే నానీకి ఒక్క విషయంలో మాత్రం రాజీ లేదు. మధ్యాహ్నం జొహర్ నమాజ్ అయ్యి, పుల్లటి ఖట్టీ దాల్‌తో అన్నాలు తిన్నాక ఇల్లంతా పడుకోవాల్సిందే. కిటికీలకి తడి దుప్పట్లు కట్టి, కూలర్ తిప్పి, చల్లటి షాబాద్ బండల మీద ఒకే పెద్ద దుప్పటి పరిచేది. ఆవిడ మనవరాళ్లూ నేనూ చింతపిక్కల అష్టాచెమ్మా సగంలో వదిలేసి, బకెట్లో నానేసిన మామిడిపళ్ల గురించి గుసగుసలాడుకుంటూ, ఎవరు ముందు నిద్రపోయారో తెలియకుండానే నిద్రపోయేవాళ్లం.

ఒక వేసవిలో నాన్న పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. గుర్తు తెచ్చుకుంటున్నాడనుకుని పిల్లలు పెన్నులు పట్టుకుని ఎదురుచూశారట. ఆయన మెల్లగా గోడ వెంట జారి, నేల మీద కూర్చుండిపోయాడు. నలుగురు పట్టుకుని ఆటోలో ఇంటికి తెచ్చారు. బీపీ బాగా పెరిగిందనీ, మందుల కంటే ముందు ఈ మనిషికి నిద్ర కావాలనీ డాక్టరు అమ్మతో అన్నాడు.

కానీ నాన్నకి నిద్రపోవడం చేతకాలేదు. పైవాటాలో కప్పు పెనంలా కాగేది, ఫోను మోగుతూనే ఉండేది, ఆయన లేచి లేచి కూర్చునేవాడు. చివరికి నానీ కిందికి రమ్మని కబురు చేసింది. పట్టపగలు పరాయి ఇంట్లో పడుకోవడానికి మొహమాటపడుతూ నాన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"పనులున్నాయండీ, పైనే పడుకుంటాలెండి," అన్నాడు.

"జర పండుకో బేటా," అంది నానీ. "నువ్వు లేకున్నా గా కంప్యూటర్లు నడుస్తయి."

ఆ మాట నాన్నకి తగిలిందనుకుంటాను. లోపలికి వచ్చి నా పక్కన పడుకున్నాడు. కొన్నాళ్లు కళ్లు తెరుచుకుని కప్పుకేసి చూస్తూ ఉండేవాడు. ఒకరోజు నా అరచేతి మీదున్న ఆయన చెయ్యి ఉన్నట్టుండి బరువెక్కింది. తలతిప్పి చూస్తే నోరు కాస్త తెరుచుకుని, చిన్నపిల్లాడిలా నిద్రపోతున్నాడు. నా చెయ్యి తిమ్మిరెక్కినా తీయలేదు. నాన్నని అంత దగ్గరగా, అంతసేపు నేను చూడడం అదే మొదటిసారి.

ఆ వేసవంతా నాన్న కూర్చుని అన్నం తిన్నాడు, నాకు మామిడిపళ్లు కోసిపెట్టాడు, నేనేం చదువుతున్నానో నన్నే అడిగి తెలుసుకున్నాడు. వానలు మొదలయ్యాక మళ్లీ పాఠాలకి వెళ్లాడు గానీ మధ్యాహ్నం బ్యాచ్‌లు వదిలేశాడు. చాలామంది పిల్లలు పక్క సందులోని కుర్ర మాస్టారి దగ్గరికి మారిపోయారు. అయినా నాన్న తన మధ్యాహ్నాలు వదులుకోలేదు. అయితే అప్పటికి నాకూ బడి తెరిచేశారు. నేను ఇల్లు చేరేసరికి ఆయన లేచి సాయంత్రం బ్యాచ్‌కి వెళ్లిపోయి ఉండేవాడు. మేమిద్దరం పక్కపక్కన నిద్రపోయింది ఆ ఒక్క వేసవే.

నాన్న అరవై దాటాక కూడా చాలాకాలం ఆరోగ్యంగా తిరిగాడు. నేను ఉద్యోగంలో చేరాక రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేవాడు. "ఏంటమ్మా, కాసేపన్నా నడుం వాల్చావా?" అనేవాడు. మీటింగ్‌లో ఉన్నానని పెట్టేసేదాన్ని. ఇప్పుడాయన లేడు. నానీ పోయాక ఆవిడ పిల్లలు ఇల్లమ్ముకుని యూసుఫ్‌గూడ వెళ్లిపోయారు. ఆ ఇంటి స్థానంలో లేచిన హాస్టల్లో మంచాల మీద మంచాలు వేసి అద్దెకిస్తున్నారు. ఆ సందులో ఇప్పుడు మధ్యాహ్నం పడుకోవడానికి ఎవరూ తలుపులు వేసుకోరు.

మొన్న మధ్యాహ్నం పని ఆపేసి పడుకున్నాను. లేచేసరికి పొద్దువాలింది, గదులన్నీ చీకటిగా ఉన్నాయి. నానీ ఇంట్లో అయితే సాయంత్రం టీ కప్పుల చప్పుడే మమ్మల్ని లేపేది. కాసేపు అలాగే పడుకుని ఆ చప్పుడు కోసం చెవొగ్గాను. తర్వాత లేచి లైటు వేసి, నా ఒక్కదానికే టీ పెట్టుకున్నాను.