రాయి పగలక ముందు

బ్లేడు మీదికి నీళ్లు తగ్గితే రాయి కోసే మోత మారిపోతుంది, కీచుమంటుంది. నిన్న పొద్దున వికారాబాద్‌లో మా షెడ్డులో ఆ మోత వినగానే నా పళ్లు జివ్వుమన్నాయి. మొగులప్ప మేస్త్రీ గుర్తొచ్చాడు. వెంటనే కోపం వచ్చింది. నేను చదివింది నాలుగో తరగతి, రాయడం కొత్త. తప్పులుంటే ఏమనుకోకండి, ఈ కోపం మాత్రం రాసి పెట్టాలి.

తాండూరులో నాపరాళ్లు కోసే షెడ్డులో ఆయన మా మేస్త్రీ. ఎవరి చేతిలో రాయి పగిలినా తిట్టేవాడు కాదు. తిడితే బాగుండేదని మాకనిపించేది. పగిలిన ముక్క మన చేతికే ఇచ్చి, నిలబెట్టి అడిగేవాడు. చేరిన మొదటి వారమే నేనొక పెద్ద పలక పగలగొట్టాను. రాయిలోనే గీత ఉందన్నాను.

"రాయి సంగతి తర్వాత చెప్పు బిడ్డా. అది పగలక ముందు నీ చెయ్యి ఏం చేసింది?"

పక్కనున్న నర్సమ్మ, "జర సోంచాయించి చెప్పు చెల్లె, మేస్త్రీ పరీక్ష వెట్టిండు" అని నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. చివరికి చెప్పాను: అవతలి మనిషి దించక ముందే నా కొస వదిలేశాను, ధ్యాస అన్నం డబ్బా మీద ఉంది. ఆయన సరే అని వెళ్లిపోయాడు. నెలంతా ఆయన మీద మండిపడ్డాను. కానీ రాయి ఎత్తిన ప్రతిసారీ నా చేతిని నేనే చూసుకోవడం మొదలైంది. పగలడం తగ్గింది.

తర్వాత బ్లేడు మీది రేకు కవరు ఊడింది. కొత్తది తెప్పించమని మేస్త్రీ సేటుకు రెండుసార్లు చెప్పాడు. రెండోసారి నేను పక్కనే ఉన్నాను. సేటు ఫోను చూసుకుంటూ తలూపాడు. వారం తిరగకముందే రాతి పెచ్చు ఎగిరి నర్సమ్మ కంటికి తగిలింది. ఆ కన్ను పోయింది.

ఎవరి తప్పని సేటు అందరి ముందు అడిగాడు. మేస్త్రీ మమ్మల్ని అడిగినట్టే తనను తాను అడిగి చూసుకున్నాడు కాబోలు.

"కవరు లేకుంటే నేను మిషిన్ బంద్ పెట్టాలె. పెట్టలే సేట్. నా తప్పు గూడ ఉన్నది."

ఆ 'గూడ' సేటు చెవిన పడలేదు. వాడే ఒప్పుకున్నాడని చెప్పి ఆ రోజే పనిలోంచి తీసేశాడు. తన తప్పు తాను వెతుక్కునే మనిషి నెత్తిన అందరి తప్పూ పెట్టాడు. కవరు సంగతి సేటుకు తెలుసని నాకు తెలుసు. నేను విన్నానని మేస్త్రీకీ తెలుసు. పోతూ నా వైపు చూశాడు, ఏమీ అడగలేదు.

నిన్న నేను మిషను ఆపేశాను. ఇప్పుడు ఇక్కడ నేనే మేస్త్రీని. ఎవరిని అడిగి ఆపావని ఇక్కడి సేటు గట్టిగా అన్నాడు.

"నీళ్ల పైపు మార్చుమని మొన్ననే చెప్పిన సేట్. మీరు యాది మర్సిన్రు. మార్చేదాంక మిషిన్ నడ్వది."

అందరూ వింటుండగానే అన్నాను. సాయంత్రానికి పైపు వచ్చింది, నా కోపం మాత్రం పోలేదు. తాండూరు సేటు మీద సగం, నా మీద సగం. ఆ రోజు నీ నోరు ఏం చేసింది బిడ్డా అని మొగులప్ప నన్ను అడగలేదు. అడిగితే బాగుండేది. ఇప్పుడు రోజూ నన్ను నేనే అడుగుతున్నాను.