గుండె నోరు మూయించబోయి

చావింట్లో కేకు తింటూ కాఫీ తాగుతున్న జనమంతా ఒక్కసారి ఫోర్కులు కింద పెట్టి మీ వంకే చూస్తే ఎలా ఉంటుందో మీకు తెలియదు. నాకు తెలుసు. చెబుతాను వినండి.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో మా పై అంతస్తులో ఉండే క్లౌస్ గారు పోయారు. ప్రతి శుక్రవారం మా ఇంటికొచ్చి నాతో చదరంగం ఆడే పెద్దాయన. ఆ ఊళ్లో నాకున్న ఒకే ఒక్క స్నేహితుడు. ఖననానికి పువ్వులు పట్టుకెళ్లడానికి నాకు మనసొప్పలేదు. పువ్వులు ఉత్త అలంకారం, నాకేమో అర్థం కావాలి. పైగా అప్పట్లో ఈజిప్టు సమాధుల మీద లావుపాటి పుస్తకాలు చదివి, ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడని దశలో ఉన్నాను. మ్యూజియం దుకాణంలో ఆకుపచ్చ రాతి పురుగునొకదాన్ని కొన్నాను.

మా ఆవిడ దాన్ని తిప్పి చూసింది. "ఏందిది?"

"స్కారబ్. పేడను ఉండ చేసి దొర్లించే పురుగు. సూర్యుణ్ణి కూడా అలాగే దొర్లిస్తుందని, పోయినవాళ్లను మళ్లీ పుట్టిస్తుందని ఈజిప్టువాళ్ల నమ్మకం."

"చావింటికి పేడపురుగు పట్టుకపోతరా ఎవరన్న?"

"నీకు తెలీదు, ఊరుకో."

(ఈ మాట అన్న భర్త సుఖపడినట్టు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.)

ఖననమయ్యాక, అక్కడి ఆచారం ప్రకారం, అందరం కాఫీకి, కేకుకి కూర్చున్నాం. క్లౌస్ గారి భార్య హెల్గా గారి కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయాయి. ఆవిడకు కాస్త ఊరట కలిగించాలని తప్ప నాకు వేరే ఉద్దేశం లేదు. పురుగును ఆవిడ చేతిలో పెట్టి, నత్తనడక జర్మన్‌లో మొదలుపెట్టాను.

"దీన్ని శవం గుండె మీద పెట్టేవారండీ. పరలోకంలో గుండెను తక్కెడలో తూస్తారు. అప్పుడది యజమాని మీద సాక్ష్యం చెప్పకుండా ఈ పురుగు దాని నోరు మూయిస్తుంది."

ఫోర్కులు ఆగింది ఇక్కడే.

"మా ఆయన గుండె ఏం చెబుతుందని మీ భయం?"

"అబ్బే, ఏమీ లేదండీ!"

"శుక్రవారాలు మీ ఇంట్లో ఏం చేసేవారు?"

"చదరంగమండీ."

"అదొక్కటేనా?"

బల్ల కింద మా ఆవిడ నా కాలు తొక్కింది. నేను విన్నానా?

"మిరపకాయ బజ్జీలు కూడా," అనేశాను. "డాక్టరు వద్దన్నారని తెలుసండీ. తక్కువే పెట్టేవాణ్ణి. ఆయనే నా ప్లేట్లోవి కూడా లాక్కునేవారు."

హెల్గా గారి భుజాలు ఊగాయి. ఏడుస్తున్నారనుకుని కంగారుగా లేచాను. తీరా చూస్తే నవ్వుతున్నారు!

"ఏ చదరంగం ఆడితే కోటుకు అంత నూనె వాసన పడుతుందండీ?" అని కళ్లు తుడుచుకుని, పురుగును తిరిగి నా చేతిలో పెట్టారు. "ఆయన గుండె చివరిదాకా ఒక్క మాట బయటపెట్టలేదు. ఇది మీ గుండెకు కావాలి."

కాబట్టి పెద్దలారా, మా బజ్జీల మూకుడు మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకపై ఏ చావింటికెళ్లినా చేతులు కట్టుకుని కూర్చుంటాను. ఈజిప్టు గురించి ఎవరడిగినా, అది ఏ దిక్కున ఉందో కూడా తెలియదంటాను.