బామ్మర్ది చేతిలో తాడు

బర్మాలో తన్లిన్ ఊరి దగ్గర నదిలో మునిగిపోయిన పడవల ఇనుము తీయడం నా పని. ఓడరేవు పనికి వలసొచ్చిన తెలుగు కూలీల సంతతి మాది. నీళ్లలోకి దిగేవాడి తాడు పెళ్లాం తమ్ముడే పట్టాలని మా వాళ్లకో పట్టింపు. అప్ప పసుపుకుంకాలు నిలవాలి కాబట్టి వాడు కునుకు తియ్యడని నమ్మకం. బుద్ధి తక్కువై నేనూ నమ్మాను.

పడవ మీద గాలి మిషను, దాని గొట్టం నా నోట్లో, నడుముకి తాడు, సీసం బెల్టు. తాడునీ గొట్టాన్నీ బారెడుకొకచోట కలిపి కడతాం. కిందనుంచి ఒకసారి లాగితే వదులివ్వాలి, మూడుసార్లు లాగితే పైకి చేదాలి. పసిపిల్లలకైనా తెలిసే లెక్క.

ఆ జనవరి పొద్దున అడుగున నీళ్లు ఎముకలు కొరికేస్తున్నాయి. అంతా బురదే, తడుముకోవడమే పని. వెనక్కి తిరగబోతే కదల్లేకపోయాను. తాడూ గొట్టమూ వంగిన రేకు కింద ఇరుక్కున్నాయి. కంగారుపడలేదు. వదులిస్తే చేత్తో తప్పించేస్తాను కదా అని ఒకసారి లాగాను.

పైనుంచి బామ్మర్ది బిగించి లాగాడు. గొట్టం నొక్కుకుపోయి గాలి సగమైంది. మళ్లీ ఒకసారి లాగాను. ఇంకా గట్టిగా లాగాడు. ఓరి నీ దుంప తెగ, వదలరా! అని లోపలే తిట్టుకున్నాను. దవడలు వణికి నోట్లో గొట్టం చివరి రబ్బరు నిలవడం లేదు. పీలిస్తే ఏమీ రావడం లేదు. భయమేసింది. ఆ బురదలోనే పాతిపెట్టేశారనిపించి ఏడుపొచ్చింది.

పిక్కకి కట్టుకున్న కత్తి తీశాను. వేళ్లు కొయ్యబారిపోయాయి. ఎలాగో నడుము దగ్గర తాడు కోశాను. సీసం బెల్టు ముడి విప్పడం చేతకాక దాన్నీ కోశాను. రబ్బరు ఉమ్మేసి, ఊపిరి కొద్దికొద్దిగా వదులుతూ పైకి తన్నాను.

పడవకి కాస్త దూరంలో తేలాను. బర్మా పడవాయన చెయ్యందించి ఎక్కించాడు. బామ్మర్ది కాళ్లు రెండూ అంచుకి తన్నిపెట్టి ఇంకా లాగుతూనే ఉన్నాడు.

"ఎన్నిసార్లు లాగినాన్రా నాను?"

"ఒక్కోసారే బావా. తెలిసింది."

"మరేటి సేసినావు?"

"వదలమన్నావని తెలిసింది. సేతులు రానేదు. వదిలితే నువ్వెల్లిపోతావేమోనని... మా అప్పకేటి సెప్పాల?"

అరచేతులు చర్మం లేచి నెత్తురోడుతున్నాయి. నోటిదాకా వచ్చిన తిట్లన్నీ మింగేశాను.

ఇకనుంచి తాడు పడవాయన పడతాడని ఇంట్లో చెప్పాను. మా ఆవిడ అన్నం కంచం ముందునుంచి లేచిపోయింది.

"మా తమ్ముడు పట్టకుండా నువ్వు నీట్లో దిగితే నానొప్పుకోను. పరాయోడికేటి బాద?"

వాడు పక్కనే కూర్చుని అరచేతులకి గుడ్డ చుట్టుకుంటున్నాడు. తన తమ్ముడి ప్రేమే నన్ను చంపబోయిందని ఆవిడకి ఏ నోటితో చెప్పను? మర్నాడు తాడు మళ్లీ వాడి చేతికే ఇచ్చి దిగాను.