ఉస్తాద్ బండి ఆగిన కాడ

పొద్దుగాల షట్టర్ లేపి కౌంటర్ తుడుస్తుంటే ఫోన్ మోగింది. చూస్తె పెద్దమందడి ఉస్తాద్ నంబర్. "చెప్పు ఉస్తాద్, ఇయ్యాల ఏం పంపాలె?" అన్న నవ్వుకుంట. అవతల ఉస్తాద్ కాదు, షెడ్డు పక్క టీ కొట్టాయన. "అన్నా, ఉస్తాద్ పోయిండు. పండుకున్నోడు లేవలే" అన్నడు. చేతిల గుడ్డ అట్లనే పట్టుకోని నిలవడ్డ.

నాది గద్వాలల ఆటో సామాన్ల దుకాణం. గాయనది పెద్దమందడి రోడ్డు మీద రేకుల షెడ్డు, ఆటోలు బాగుచేస్తుండె. మెకానిక్ అని ఎవ్వరనరు, అందరికీ ఉస్తాదే. భార్య పోయినంక ఆ షెడ్డులనే వండుకుంటుండె, అండ్లనే పండుకుంటుండె.

ఏటా ఎండకాలం పల్లి పీకినంక షెడ్డు ఎనక బీడుల ఆటోల రేసు పెడుతుండె. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, అన్ని దిక్కుల నుంచి డ్రైవర్లు వస్తుండ్రి. గెలిచినోనికి నా దుకాణం నుంచి కొత్త టైరు. గాయనకు ఒక పద్ధతి ఉండె. ట్యాంకీ ఒడిపి, ఎవ్వరు తెచ్చిన పెట్రోలైనా ఒకటే క్యాన్ల పొయ్యాలె, అండ్లకెంచి గాయన సీసాతోటి అందరికీ సమానంగ పోస్తుండె. "నీ పెట్రోల్ల నీళ్లు, నా పెట్రోల్ల కిరసనాయిలు అని కొట్లాడొద్దు. ఒక్క కుండల బువ్వ తిన్నోళ్లు గుద్దుకోరు" అంటుండె. గుద్దుకున్నోళ్లు గూడ ఉండ్రి, అది వేరే ముచ్చట.

పెట్రోల్ రేటు ఎక్కినకొద్ది ఆ క్యాన్ తేలికైతా వచ్చింది. ముందు రౌండ్లు తగ్గిచ్చిండు. అయినా పెట్రోల్ సాలలే. ఇగ రేసునే తిరగేసిండు. ముందు ఉరికినోడు కాదు, ఆ సీసెడు పెట్రోల్ తోటి అందరికన్న దూరం పోయినోడు గెలిచినట్టు. బండి యాడ ఆగితే డ్రైవర్ ఆడనే కూసోవాలె, దిగొద్దు. అన్ని బండ్లు ఆగినంక అందరం నడిచి పోయి ఒక్కొక్కదాన్ని తోసుకుంట తేవాలె.

ఒక గద్వాల డ్రైవర్ ఎక్కిరిచ్చిండు, "గిది రేసా, పెండ్లి ఊరేగింపా ఉస్తాద్?"

"ఊరేగింపుల ఆగుకుంట తోలితె క్లచ్చు కాలుతదిరా. నీకు గది గూడ తెల్వదు. ఎక్కు, ఎక్కు."

గీ రేట్లు మా ఇద్దరి నడుమకు గూడ వచ్చినయ్. ఎనకట సామాను కోసం గాయననే స్కూటర్ మీద గద్వాల వస్తుండె. సామాను తీసుకునుడు జరసేపే, స్టూల్ మీద కూసోని సాసర్ల చాయ్ ఊదుకుంట తాగుడు శానసేపు. వచ్చిన గిరాకీకి నాకన్న ముందు గాయననే జవాబు చెప్తుండె. తర్వాత స్కూటర్‌కు పెట్రోల్ పోసుడు గిట్టక ఫోన్ చేసుడు మొదలువెట్టిండు, నేను బస్సుల ఏసి పంపుడు. ఒకనాడు క్లచ్ వైరు, ఒకనాడు ఉత్త వాషరు.

"ఒక్క వాషర్ కోసం ఫోనా ఉస్తాద్?" అని అడిగిన.

"పార్సిల్ అయితే మంచిగనే వస్తుంది సేటు. దానికి నోరుంటదా? నువ్వొకనాడు రారాదు?"

"వస్త ఉస్తాద్, వచ్చే వారం వస్త" అంటుంటి. వారాలు పోతుండె.

మొన్న ఎండకాలం రేసుకు అందరికీ గాయననే ఫోన్లు చేసిండు. అంతకుముందు గెలిచిన నాగర్‌కర్నూల్ డ్రైవర్, "వచ్చుడు పోవుడుకే బండి తాగుతది ఉస్తాద్, ఆ దినం గిరాకీ గూడ పోతది. గెలిచి టైరు తెచ్చుకున్నా తిప్పెటందుకు పెట్రోల్ ఏది?" అన్నడంట. ఉస్తాద్ నాకు ఫోన్ చేసి, "ఎవ్వరు రాకున్నా రేసు ఆగదు. టైరు తెస్తవా లేదా?" అన్నడు. పోయిన. కుర్చీలు వరుసగ ఏసి పెట్టిండు, అన్నీ ఖాళీ. మూడే ఆటోలు వచ్చినయ్. "ముగ్గురికి రేసేంది" అని వాళ్లు గూడ మర్లుతుంటే, గాయన తన పాత ఆటో బయటికి తీసిండు. "నన్ను గెలిచి పోండ్రిరా."

మూడు బండ్లు బీడులనే ఆగినయ్. ఉస్తాద్ బండి పోతనే ఉంది. బీడు దాటింది, బాట ఎక్కింది, ఆఖరుకు అగ్గిపెట్టెంత కనవడే కాడ ఆగింది. అందరం నడుసుకుంట పోయినం, టీ కొట్టాయన గూడ కెటిల్ పట్టుకోని వచ్చిండు. ఉస్తాద్ సీట్ల కూసోని ఎనకకు మర్రి మా దిక్కే చూస్తుండు. నేను తొయ్యవోతె చెయ్యి అడ్డం వెట్టిండు.

"జర ఆగు సేటు. ఇంతమంది నా తాన్కి నడుసుకుంట వస్తుంటే చూడక ఎన్ని దినాలాయె. కొంచెంసేపు కూసోనియ్యి."

టైరు గాయనకే వచ్చింది. బండికి ఎక్కియ్యలే. "వచ్చే ఏడు రేసుకు పనికొస్తది" అని షెడ్డు గోడకు ఆనిచ్చిండు.

ఉస్తాద్ మట్టి అయిన నాడు మూడు దిక్కుల నుంచి మంది వచ్చిండ్రు. వచ్చుడు పోవుడుకు ఎంతైతదని ఎవ్వరనలే. రోడ్డు మీద బండ్లు ఆపి, గుంపులు గుంపులు షెడ్డు దిక్కు నడుసుకుంట వస్తుండ్రు. నాగర్‌కర్నూల్ డ్రైవర్ గూడ వచ్చిండు. కుర్చీలు సాలక గోడకున్న టైరు కింద ఏసుకోని దాని మీదనే కూసున్నడు. అది ఏ టైరో వానికి తెల్వదు. నేను చెప్పలే.

పొద్దుగూకేటాలకు అందరు ఎవ్వరి బండ్లు వాళ్లు ఎక్కి పోయిండ్రు. నేను రోడ్డు మీద బస్సు కోసం నిలవడి మర్రి చూసిన. షెడ్డు ముందట ఉస్తాద్ ఆటో రోడ్డు దిక్కు మొకం చేసుకోని ఉంది. సీటు మీద గాయన తువ్వాల. బాట మీద ఎవ్వరు లేరు.