కొండకు ముందు మనిషి

ఏ మందు ఏ అరలో ఉన్నా కళ్ళు మూసుకుని తీసిచ్చే మందుల షాపాయన, ఆదివారం కొండ ముందు కెమెరా నిలబెట్టాడంటే మాత్రం ఓ పట్టాన తేల్చుకోలేడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, వెలుతురుకు తగ్గట్టు ఐఎస్ఓ వందకు దించుతాడు. లెన్సు కంత ఎంత తెరుచుకోవాలో చెప్పే అపర్చర్ పదకొండు దగ్గర ఆపుతాడు. గడ్డి ఊగుతోందని షట్టర్ వేగం పెంచుతాడు, మబ్బు పట్టిందని మళ్ళీ తగ్గిస్తాడు. ఫోకస్ కోసం భార్యను ఎదురుగా బండ దగ్గర నిలబెట్టి, కుదరగానే "ఇక తప్పుకో" అంటాడు. ఆవిడ గొడుగుతో సహా పక్కకు జరుగుతుంది. షాపు గోడకు తగిలించదగ్గ ఫోటో ఒక్కటైనా రావాలని ఆయన ఆశ. ఓ ఆదివారం వాన వెలిసింది, మబ్బు చీలి కొండ మీద ఎండ తడితడిగా మెరిసింది.

"తప్పుకోవే, వెలుగు పోతోంది!"

"జరగను. ఇన్ని కొండలు తీశారు, ఒక్కదాంట్లోనైనా నేనున్నానా?"

"ఫ్రేము పాడవుతుందే!"

"పాడైతే అవనీండి. నాకంటే అందగత్తెనా మీ కొండ?"

ఆయన కొండను చూశాడు, నడుం మీద చెయ్యేసుకుని నవ్వుతున్న ఆవిడను చూశాడు, నొక్కేశాడు. ఇప్పుడు షాపుకొచ్చిన వాళ్ళెవరైనా గోడవైపు చూసి "ఎక్కడిదండీ ఈ కొండ?" అంటే, మాత్రల అట్ట కత్తిరిస్తూనే ఆయన అంటాడు: "కొండదేముందండీ, ముందు మా ఆవిడెలా ఉందో చెప్పండి."